వైద్యసేవ పథకంలో డాక్టర్ల ప్రోత్సాహకం, చికిత్స నాణ్యత

పేదలకు ఉచిత వైద్యం కోసం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, అదే ఏడాది డిసెంబరులో చిత్తూరు జిల్లాకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ రేటు. పరీక్షలు, ఆపరేషన్, రోగికి భోజనం, ఊరెళ్లడానికి బస్సు చార్జీ, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు అన్నీ అందులోనే.

తిరుపతి రుయా వంటి ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లకు నెల జీతం ఎలాగూ ఉంది. పేదలు ప్రైవేటు దారి పట్టకుండా చూడాలని, పథకం నుంచి వచ్చే క్లెయిం సొమ్ములో 35 శాతాన్ని చికిత్స చేసిన బృందానికి ప్రోత్సాహకంగా పంచే ఏర్పాటు చేశారు. సర్జనుతో పాటు మత్తు డాక్టరుకూ నర్సులకూ వాటా దక్కడం దీనిలోని మంచి. అయితే కేసు పూర్తయితే చాలు, డబ్బు వస్తుంది. రోగి ఎంత బాగా కోలుకున్నాడన్నది లెక్కలోకి రాదు. కేసుల లెక్కన చెల్లిస్తే ఏమవుతుందో గర్భసంచి ఆపరేషన్లు చూపించాయి. ప్రైవేటులో అక్కర్లేకున్నా చేస్తున్నారన్న ఆరోపణలు రావడంతో వాటిని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది.

సొమ్మును నాణ్యతకు ముడిపెట్టిన ఉదాహరణలూ ఉన్నాయి. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌ పథకం ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రికి ప్యాకేజీపై అదనంగా ఇస్తుంది: ప్రవేశ స్థాయికి 10 శాతం, పూర్తి గుర్తింపుకు 15 శాతం. రోగి సంతృప్తి, మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం, చేతి నుంచి పెట్టుకున్న ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, జీవన నాణ్యతలో మెరుగుదల అనే అయిదు కొలతలతో ఆసుపత్రులను అంచనా వేసే విధానాన్నీ తరువాత ప్రకటించారు.

బ్రిటన్ 2004లోనే కుటుంబ డాక్టర్ల ఆదాయంలో కొంత భాగాన్ని బీపీ, షుగరు అదుపు వంటి కొలతలకు ముడిపెట్టింది. కొలిచినవి బాగుపడ్డాయి, కొలవని వాటిపై శ్రద్ధ తగ్గిందని అధ్యయనాలు తేల్చాయి. మన దగ్గర మరో చిక్కుంది. చివరి ఘడియలో తెచ్చిన రోగిని కూడా రుయా చేర్చుకుంటుంది. మరణాలను మాత్రమే లెక్కగడితే శిక్ష పడేది అలాంటి ఆసుపత్రికే. రోగి ఏ స్థితిలో వచ్చాడన్నది కూడా లెక్కలోకి రావాలి.

వైద్యసేవ క్లెయిం ఫైల్లో డిశ్చార్జి నాటి ఫొటో, రోగి సంతృప్తి పత్రం ఉంటాయి. ఇంటికి పోయే తొందరలో పెట్టే సంతకం అది. రోగి కుప్పంలోని ఇంటికి చేరాక పన్నెండో రోజున కుట్లలో చీము పడితే ఆ ఫైలుకు తెలియదు. ముప్పయ్యో రోజున, ఆసుపత్రిలో పథకం తరఫున రోగులకు సాయపడే వైద్యమిత్ర ఒక్క ఫోను చేసి, ఆ జవాబును క్లెయింకు జతచేయాలి. ప్రోత్సాహకంలో కొంత భాగాన్ని అప్పటిదాకా ఆపి ఉంచాలి.