వేకువచుక్క ఎవరి పేరు?



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక యవ్వనస్థుడు బైబిలు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, యెషయా 14వ అధ్యాయంలో వేకువచుక్క ఆకాశం నుండి పడిపోయిందని ఉంది. అది సాతానని చిన్నప్పటినుంచీ వింటున్నాను. ప్రకటన గ్రంథం చివర్లో యేసుప్రభువు తానే వేకువచుక్కనని చెప్పుకున్నాడు. ఒకే పేరు ఇద్దరికి ఎలా వచ్చిందండీ? కాలేజీలో నా స్నేహితుడు ఇది చూపించి నవ్వాడు. నాకు జవాబు దొరకలేదు" అన్నాడు. అడుగుతుంటే అతని గొంతు వణికింది. అందుకే ఈ వారం ఆ చుక్క సంగతే రాస్తున్నాను.

మనం వేకువచుక్క అనేది నిజానికి నక్షత్రం కాదు, శుక్ర గ్రహం. అది మన భూమి కంటే సూర్యుడికి దగ్గరగా తిరుగుతుంది. కాబట్టి మనకు ఎప్పుడూ సూర్యుడి చుట్టుపక్కలే కనిపిస్తుంది. ఎంత దూరం జరిగినా సుమారు 47 డిగ్రీలు దాటదు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే ఐదు పిడికిళ్ల లోపే. అందుకే మన ఊళ్లలో నడిరాత్రి నడినెత్తిన దానిని ఎవరూ చూసి ఉండరు. తెల్లవారుజామున తూర్పున, లేదంటే పొద్దుగుంకాక పడమట, అంతే. చేనికి నీళ్లు పెట్టడానికి చీకటితో లేచే మన పెద్దలకు ఇది తెలిసిన విషయమే.

దీనిని పట్టుదలగా చూసి రాసిపెట్టినవారు బబులోనువారు. హమ్మురాబి వంశంలో అమ్మిసదుఖ అనే రాజు ఉండేవాడు. ఎక్కువగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం అతడు క్రీస్తుకు పూర్వం 17వ శతాబ్దంవాడు. అతని కాలంలో 21 ఏళ్ల పాటు శుక్రుడు ఏ తేదీన ఏ దిక్కున కనుమరుగైందో, మళ్లీ ఏ తేదీన ఏ దిక్కున కనబడిందో మట్టి పలకల మీద రాశారు. దాదాపు వెయ్యేళ్ల తరువాత కూడా లేఖకులు వాటికి నకళ్లు తీస్తూనే ఉన్నారు. నీనెవె శిథిలాల్లో దొరికిన అలాంటి ఒక పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఆ పట్టికలో మొదటి సంవత్సరం సంగతి వినండి. పదకొండవ నెల 15న శుక్రుడు పడమట కనుమరుగైంది. మూడు రోజులు ఆకాశంలో లేదు. 18న తూర్పున కనబడింది. మూడు రోజులనగానే మనం తొందరపడి ఏదో ఒక అర్థం చెప్పేయకూడదు. అన్నిసార్లూ మూడు రోజులే కాదు. శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యగా వెళ్లేటప్పుడు సగటున 8 రోజులు కనబడదు, ఒక్కోసారి రెండు వారాల దాకా పడుతుంది. సూర్యుడి అవతలగా వెళ్లేటప్పుడు ఇంచుమించు 50 రోజులు కనబడదు. ఒక చుట్టు పూర్తి కావడానికి 584 రోజులు. అలాంటివి ఐదు చుట్లు తిరిగేసరికి దాదాపు 8 సంవత్సరాలు.

ఈ రాతల నుండి బబులోనువారు వానలు, పంటలు, యుద్ధాల గురించి శకునాలు చెప్పుకున్నారు. దానిని మనం అంగీకరించం. కానీ వారి ఓపికను కాదనలేం. సాయంత్రం మాయమైనదీ, వేకువన వచ్చినదీ ఒక్కటేనని వారికి తెలిసింది ఆ ఓపిక వల్లనే. ఆ గ్రహాన్నే వారు ఇష్తారు దేవతగా కొలిచారు.

ఇప్పుడు యెషయా దగ్గరకు రండి. 14వ అధ్యాయం 4వ వచనం చూడండి. ఆ మాటలు ఎవరి మీద? బబులోను రాజు మీద. నక్షత్రాల కంటే పైన తన సింహాసనం వేసుకోవాలనుకున్న రాజు అతడు. చుక్కలన్నిటిలో గొప్పగా మెరిసేది శుక్రుడే. కానీ తెల్లవారేసరికి ఏమవుతుంది? సూర్యుడు పైకి వచ్చేకొద్దీ మన కళ్లముందే వెలవెలబోయి కనబడకుండా పోతుంది. ప్రవక్త ఆ రాజుకు అతని దేశపు చుక్కనే చూపించాడు.

లాటిన్ బైబిలులో ఆ చోట ఉన్న మాట లూసిఫర్. వెలుగు తెచ్చేది అని దాని అర్థం, శుక్రుడికి లాటిన్‌లో వాడుక పేరు. అదే లాటిన్ బైబిలులో పేతురు రెండవ పత్రిక 1వ అధ్యాయం 19వ వచనంలో, మన హృదయాలలో ఉదయించే వేకువచుక్కకు కూడా ఆ మాటే ఉంది. నాలుగవ శతాబ్దంలో సార్దీనియా ద్వీపంలో లూసిఫర్ అనే పేరుగల బిషప్ కూడా ఉన్నాడు. అప్పటికి అది చెడ్డ పేరు కాదన్నమాట. యెషయా మాటల్లో సాతాను పతనాన్ని చూసిన సంఘ పెద్దలు పూర్వం నుండీ ఉన్నారు, వారితో నాకు వాదం లేదు. అయితే ఆ మాట మొదట చుక్క పేరే. దానితో ఎవరిని పోల్చారో చూసి అర్థం తెలుసుకోవాలి.

1610లో గెలీలియో టెలిస్కోపుతో చూస్తే శుక్రుడు చంద్రుడిలా పెరుగుతూ తరుగుతూ కనిపించింది. దాని వెలుగు సొంతం కాదని, సూర్యుడిదేనని అలా రుజువైంది. ఆ వెలుగు తనదేనని అతిశయించేవాడికి ఆ చుక్క తీర్పు. రాత్రంతా రోగి పక్కన మేల్కొని కూర్చున్న తల్లికి అదే చుక్క కబురు, ఇంకాసేపట్లో తెల్లవారుతుందని. ప్రభువు తనకు ఆ పేరు పెట్టుకున్నది ఆ తల్లిలాంటి వారి కోసమని నేను నమ్ముతున్నాను.

ఆ తమ్ముడికి ఇదే చెప్పాను. ఒక నోటుపుస్తకం కొనుక్కోమని కూడా చెప్పాను. సండేస్కూలు పిల్లలూ, మీరూ చేయండి. సూర్యుడు పైకి రాకముందో, పూర్తిగా అస్తమించాకో మాత్రమే చూడండి. సూర్యుడిని నేరుగా చూడవద్దు. చుక్క ఏ దిక్కున ఉందో, తేదీ వేసి రాయండి. కనబడని రోజు కూడా రాయండి. ఎప్పుడు తిరిగి వచ్చిందో నాకు వచ్చి చెప్పండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.