బిలాస్‌పూర్ రైలు వాడలో అరిసెల పాకం

చరిత్ర రచనలలో బిలాస్‌పూర్ పేరు రైలుమార్గాల ప్రసక్తిలోనే తరచుగా కనిపిస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుంచి తూర్పుగా సాగించిన మార్గం 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ చేరింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వరకు గల తీరమార్గం కూడా ఆ కంపెనీ అధీనంలోకి వచ్చింది. ఆ విధంగా కళింగాంధ్ర తీరమూ, ఛత్తీస్‌గఢ్ మైదానమూ ఒకే యాజమాన్యం కిందికి చేరాయి. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం పూర్తికావడంతో ఈ రెండు సీమల నడుమ దూరం మరింత తగ్గింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు కుటుంబాలు స్థిరపడడానికి నేపథ్యమిదే.

ఉద్యోగుల నియామకాలు, బదిలీలు రిజిస్టర్లకెక్కాయి. ఆ ఇళ్ల స్త్రీలు వెంట తెచ్చుకున్న వంటవిద్య మాత్రం ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. అరిసెనే తీసుకొందాం. బియ్యం నానబెట్టి, నీరు వాడ్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లపు పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టే అదనులో ఆ పిండి కలపాలి. పాకం ముదిరితే అరిసె గట్టిపడుతుంది. లేతదైతే నూనెలో విడిపోతుంది. ఈ అదను పుస్తకం చదివి పట్టుబడేది కాదు. తల్లి పక్కన కూర్చున్న కూతురు కంటితో చూసి, చేతితో చేసి నేర్వవలసినదే.

వరి పండే ఛత్తీస్‌గఢ్‌లో ఈ విద్య పరాయిది కాలేదు. బియ్యపు పిండి, బెల్లంతో చేసే వంటను అక్కడివారు అర్సా అంటారు. ఒడిశాలో అది అరిస పిఠా, తమిళనాట అదిరసం. బియ్యపు పిండితో చేసి ఆవిరిపై ఉడికించే ఫరా మన కుడుములకు దగ్గరి చుట్టం. కొత్త ధాన్యం ఇంటికి చేరాక పుష్య పూర్ణిమనాడు జరిగే ఛేర్‌ఛేరా పండుగ మన సంక్రాంతికి అటో ఇటో వస్తుంది. తీజకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులకోసం అక్కడ ఠేఠరీ, ఖుర్మీ వండుతారు. అత్తవారింటికి వెళ్లే కూతురికి మనవారు చలిమిడి కట్టి ఇస్తారు. రెండుచోట్లా ఆడబిడ్డ రాకపోకలకు పిండివంటే సాక్షి.

జర్మనీ గృహిణుల అనుభవమూ ఇందుకు భిన్నం కాదు. ఫాల్జ్ ప్రాంతంలో పులిసిన గోధుమపిండి ఉండలను మూతపెట్టిన పాత్రలో ఉడికించి డాంప్‌ఫ్‌నూడెల్ చేస్తారు. సమయం కాకముందే మూత తీయరాదన్నది అక్కడి పెద్దల నియమం. అదను తెలియడమే అక్కడా అసలు విద్య.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రస్థానమైంది. ఊరి ప్రాముఖ్యం పెరిగినా, ఉద్యోగ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేయక తప్పదు. పిల్లలు తలొక ఊరు చేరితే తల్లి చేతి అదను చూసేవారుండరు. రైలుమార్గాల చరిత్రకు దస్త్రాలున్నాయి. ఈ వంటిళ్ల చరిత్రకు వృద్ధ స్త్రీల జ్ఞాపకాలే దస్త్రాలు. వారు చెప్పగలిగి ఉండగానే వాటిని నమోదు చేయడం సాంస్కృతిక సంస్థల కర్తవ్యం.