మా వంటింట్లో నల్ల బీరు పులిసిన కథ

పోయిన నవంబరులో మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్ళాను. నేను దిగిన మూడో రోజే గుమ్మంలోకి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. కోడలికి వెట్ గ్రైండర్ తెప్పించాడేమోనని మురిసిపోయాను. విప్పి చూస్తే మూతకి చిన్న రంధ్రం ఉన్న తెల్లటి ప్లాస్టిక్ బకెట్టు, ఒక గొట్టం, థర్మామీటర్ లాంటి గాజు పరికరం, బరువైన రేకు డబ్బా ఒకటి బయటపడ్డాయి.

"ఏంట్రా ఇది?"

"స్టౌట్ అమ్మా. నల్ల బీరు. ఇంట్లోనే చేసుకునే కిట్."

నాకు నోట మాట రాలేదు. మాది నెల్లూరు జిల్లా. 1992లో సారా వేలం పాటలు జరగనివ్వకుండా అడ్డం కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. ఆమె మనవడు వంటింట్లో బీరు చేస్తాడట! పరాయి దేశంలో పెళ్ళైన కొడుకుని ఏమంటాం? బియ్యం కడుక్కుంటూ ఓరకంట చూస్తూ ఉండిపోయాను.

చూస్తూ చూస్తూ ఉండగా ఆసక్తి కలిగింది. ఎందుకంటే వాడు చేస్తున్న పని నాకు తెలియనిది కాదు. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్ట్. మనం పిల్లలకి రాగిమాల్ట్ చేసుకునే పద్ధతే. దాన్ని బరకగా పట్టి వేడి నీళ్ళలో నానబెడితే తియ్యటి రసం దిగుతుంది. ఆ రసాన్ని పాకంలా చిక్కబరిచి డబ్బాలో పోస్తారు. స్టౌట్ డబ్బాలో నల్లగా వేయించిన గింజల సారం, హాప్స్ అనే చేదు పువ్వుల సారం ముందే కలిపేసి ఉంటాయి. అంటే కష్టమంతా కంపెనీవాళ్ళు చేసేశారు. మిగిలింది పులియబెట్టడం.

వాడు ముందు బకెట్టు, గరిటె, మూత అన్నీ శుద్ధిచేసే మందు కలిపిన నీళ్ళతో కడిగాడు. డబ్బాని వేడినీళ్ళలో పెట్టి పాకం పలచబడ్డాక బకెట్టులోకి వంపాడు. మరిగిన నీళ్ళు రెండు మూడు లీటర్లు పోసి, కిలో పంచదారకి బదులుగా కిలో మాల్ట్ పొడి వేసి కలిపాడు. చన్నీళ్ళతో 23 లీటర్లకి తెచ్చాడు. 20 డిగ్రీల దగ్గరికి చల్లారాక ఈస్ట్ పొడి చల్లి మూత బిగించాడు. గాజు పరికరం హైడ్రోమీటరట. పాల కేంద్రంలో పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు లాంటిదే. రసంలో చక్కెర ఎంత ఉందో, పులిశాక ఎంత మిగిలిందో దాంతో తెలుస్తుంది.

మర్నాడు పొద్దునకల్లా మూత మీద గొట్టంలోంచి బుడుక్ బుడుక్‌మని బుడగలు. పక్కనే గిన్నెలో నా దోసెల పిండి కూడా పొంగింది. చలికాలంలో పిండి పులవదని దుప్పటి కప్పి పెట్టాను. వాడూ బకెట్టుకి పాత స్వెట్టరు తొడిగాడు. కోడలు రెండింటినీ చూసి ఒకటే నవ్వు.

ఆ సాయంత్రం తనే అంది: "అత్తయ్యా, అసలు ఇది మొదట్నుంచీ ఆడవాళ్ళ పనే తెలుసా?" జుడిత్ బెన్నెట్ అనే చరిత్రకారిణి 1996లో రాసిన పుస్తకం గురించి చెప్పింది. 1300 నుంచి 1600 దాకా ఇంగ్లండులో బీరు కాచిన ఆడవాళ్ళ మీద రాసిందట. నెల రోజులు ఖాళీగా కూర్చునే నాకు మంచి కాలక్షేపం దొరికింది. తను చెప్పినవీ నేను చదువుకున్నవీ కలిపి మీకు చెప్తున్నాను.

నాలుగు వేల ఏళ్ళ నాడు సుమేరియావాళ్ళకి బీరుకి ఒక దేవత ఉండేది. పేరు నిన్‌కాసి. ఆమె మీద పాడిన స్తోత్రం మట్టి పలకల మీద దొరికింది. క్రీ.పూ. 1800 ప్రాంతానిది. అందులో దేవత మహిమతో పాటు బీరు తయారుచేసే వరసంతా ఉంది.

మధ్యయుగాల ఇంగ్లండులో 'ఏల్' కాచడం రొట్టె కాల్చినట్టే ఇంటిపని. అప్పటి ఏల్‌లో హాప్స్ ఉండేవి కావు. నాలుగైదు రోజుల్లో పాడైపోయేది. అందుకని తరచూ కాచాల్సిందే. ఇంటికి వాడుకోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవారు. గుమ్మం బయట ఒక కర్ర నిలబెడితే ఈ ఇంట్లో ఏల్ తయారైందని గుర్తు. ఆ నాలుగు డబ్బులు ఇంటిఖర్చుకి, ముఖ్యంగా భర్త పోయినవాళ్ళకి ఎంతో ఆసరా. మన ఊళ్ళో పాడి ఉన్నవాళ్ళు మిగిలిన మజ్జిగ, నెయ్యి అమ్ముకున్నట్టే అనుకోండి.

బీరు కాచే ఆడమనిషిని 'బ్రూస్టర్' అనేవారు. ఇంగ్లీషులో ఆ 'స్టర్' అన్న చివర ఒకప్పుడు ఆడవాళ్ళ పనిని చెప్పేది. నూలు వడికే ఆడమనిషి 'స్పిన్‌స్టర్' అయినట్టు. తర్వాత్తర్వాత స్పిన్‌స్టర్ అంటే పెళ్ళికానిది అన్న అర్థం స్థిరపడింది. బ్రూస్టర్ ఒక ఇంటిపేరుగా మిగిలింది. పని చేతిలోంచి పోయాక మాటకి అర్థం కూడా పోయింది.

ఎలా పోయింది? హాప్స్ వల్ల. 1400 ప్రాంతంలో సముద్రం అవతల నుంచి హాప్స్ వేసిన బీరు ఇంగ్లండుకి వచ్చింది. ఆ చేదు పువ్వు వేస్తే బీరు నెలల తరబడి నిలవుంటుంది. నిలవుండేదాన్ని పెద్ద ఎత్తున చేయొచ్చు, దూరం పంపొచ్చు, సైన్యానికి అమ్మొచ్చు. అలా చేయాలంటే పెద్ద కాగులు కావాలి, పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి. పెళ్ళైన ఆడదాని పేరు మీద ఆస్తే ఉండని రోజుల్లో ఆమెకి అప్పు ఎవరిస్తారు? పని బరువైందని కాదు, లాభం పెరిగిందని అది చేతులు మారింది. పచ్చళ్ళు, అప్పడాలు ఇంట్లో పెట్టినంత కాలం అమ్మమ్మ పనే. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు యజమాని ఎవరో గుర్తుచేసుకోండి.

ఇక మా అబ్బాయి స్టౌట్ సంగతి. 1700ల తొలి రోజుల్లో లండన్‌లో ముదురు గోధుమ రంగు బీరు ఒకటి బాగా పేరుపడింది. వీధుల్లో, ఓడరేవులో మూటలు మోసే పోర్టర్లు ఇష్టంగా తాగేవారు కాబట్టి దాన్నీ 'పోర్టర్' అన్నారు. అందులో ఘాటైన రకం 'స్టౌట్ పోర్టర్'. స్టౌట్ అంటే గట్టిది అని. క్రమంగా వెనక మాట రాలిపోయి స్టౌట్ మిగిలింది.

నల్లరంగు వెనక ఉన్న మనిషి డేనియల్ వీలర్. 1817లో మాల్ట్‌ని మాడిపోకుండా నల్లగా వేయించే తిరిగే డ్రమ్ముకి పేటెంటు తీసుకున్నాడు. కాఫీ గింజలు వేయించే డ్రమ్ములాంటిదే. అందుకే స్టౌట్‌లో కాఫీ వాసన వస్తుంది. రెండింటిలోనూ గింజ మాడే ముందు ఆపేసిన రుచే.

స్టౌట్ అనగానే అందరూ చెప్పే పేరు ఆర్థర్ గిన్నిస్. 1759లో డబ్లిన్‌లో ఒక పాత బ్రూవరీని ఏడాదికి 45 పౌండ్లకి, 9,000 ఏళ్ళకి లీజుకి తీసుకున్నాడు. ఆ లీజు కథ అందరికీ తెలుసు. ఆయన భార్య ఒలీవియా 21 మంది పిల్లల్ని కన్నదని, వాళ్ళలో 10 మందే పెరిగి పెద్దవాళ్ళయ్యారని ఎంతమందికి తెలుసు? సీసా మీద సంతకం మాత్రం ఆర్థర్‌దే.

నన్ను రాత్రి నిద్రపోనివ్వని కథ ఇంకొకటి ఉంది. 1814 అక్టోబర్ 17. లండన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు దగ్గర ఒక పెద్ద బ్రూవరీ. అందులో 22 అడుగుల ఎత్తు చెక్క తొట్టి, నిండా పోర్టర్. ఆ సాయంత్రం తొట్టి చుట్టూ ఉన్న ఇనప పట్టీల్లో ఒకటి జారిపడింది. అది మామూలేలే, తర్వాత బాగుచేయిద్దాం అనుకున్నారు. గంట తిరిగేసరికి తొట్టి పగిలింది. గోడ బద్దలై బీరు వరదలా వెనక ఉన్న పేదల ఇళ్ళ మీద పడింది. ఒక ఇంటి నేలమాళిగలో రెండేళ్ళ పిల్లాడు చనిపోతే శవం దగ్గర కూర్చుని ఏడుస్తున్నారు. ఆ తల్లీ, ఆమెతో కూర్చున్నవాళ్ళలో మరో నలుగురూ ఆ వరదలోనే పోయారు. మొత్తం 8 మంది. అందరూ ఆడవాళ్ళు, పిల్లలే. మగవాళ్ళు ఇంకా పనుల నుంచి రాలేదు.

విచారణలో ఎవరి తప్పూ లేదన్నారు. ఒలికిపోయిన బీరుకి కట్టిన సుంకాన్ని ప్రభుత్వం కంపెనీకి తిరిగిచ్చింది.

ఇది చదివాక మా ఊరే గుర్తొచ్చింది. మాకు వరద తొట్టిలోంచి రాలేదు, ప్యాకెట్లలో వచ్చింది. తాగునీళ్ళు రాని ఊళ్ళకి కూడా సారా ప్యాకెట్టు ఠంచనుగా వచ్చేది. కాంట్రాక్టరుకి లాభం, ప్రభుత్వానికి ఆదాయం, దెబ్బలూ ఆకలీ ఆడవాళ్ళకీ పిల్లలకీ. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఈ లెక్క కూడా నేర్చుకున్నారు. దూబగుంటలో మొదలైన కదలిక జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో ఎత్తేశారు. అదంతా మీకు తెలిసిందే.

మరి ఇంట్లో బీరు కాచుకోవడం ఇక్కడ ఎలా ఒప్పుకున్నారు? 1880 నుంచి ఇంగ్లండులో ఇంటి వాడకానికి కాచుకోవాలన్నా లైసెన్సు ఉండాల్సిందే. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిబంధన తీసేశారు. అమ్మకూడదు, అంతే. ఆ తర్వాతే ఈ కిట్లు ఊపందుకున్నాయి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఇంటి బీరు మీద పన్ను పోయింది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాచడం నేరమే. ఇది చదివి ఎవరూ బకెట్టు కొనకండి!

అలా ఐదారు వందల ఏళ్ళకి బీరు మళ్ళీ వంటింటికి చేరింది. కాకపోతే ఈసారి మగవాళ్ళ సరదాగా. మొదటి రోజు మా వాడు జిగురుపట్టిన గిన్నెలన్నీ సింకులో పడేసి సోఫాలో కూర్చున్నాడు. "ఒరే, కాచినవాడే కడగాలి" అన్నాను. కడిగాడు.

అసలు పరీక్ష వారానికి వచ్చింది. హైడ్రోమీటరు అంకె రెండు రోజులు కదలకుండా నిలిస్తేనే సీసాల్లో పోయాలట. తొందరపడితే లోపల ఇంకా పులిసి సీసాలు పేలతాయి. పోసే ముందు కిట్ రుచిని మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. కొందరు కాఫీ, కొందరు కోకో గింజల ముక్కలు కలుపుతారు. మా వాడు ఆ ఏర్పాట్లలోనే ఉన్నాడు.

"అమ్మా, నువ్వు తెచ్చిన బెల్లం కొంచెం ఇవ్వవా? నల్లబెల్లం వేస్తే భలే ఉంటుందట."

నా చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. నల్లబెల్లం పులిసిన వాసన ఏమిటో వాడికి తెలీదు. నాటుసారా కాచేది దాంతోనే. ఆ వాసన వచ్చిన ఇంట్లో ఆ రాత్రి ఎవరో ఒకరు ఏడ్చేవారు. పైగా ఈస్ట్ బెల్లాన్ని దాదాపు మొత్తం తినేస్తుంది. తీపి మిగలదు, చిక్కదనం రాదు, మత్తు మాత్రం పెరుగుతుంది.

"బెల్లం ఇవ్వను నాన్నా. కావాలంటే డికాషన్ తీసిస్తాను" అన్నాను. కారణం కూడా చెప్పాను. అమ్మమ్మ కథ వాడు అంతకుముందు ఇంత వివరంగా వినలేదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే వెళ్ళి ఫిల్టరు తెచ్చిచ్చాడు.

చిక్కటి డికాషన్ రెండు గ్లాసులు తీసి చల్లార్చి ఇచ్చాను. అది కలిపి, బుడగలు రావడానికి సీసాకి అరచెంచా పంచదార వేసి, 40 సీసాలు నింపాడు. రెండు మూడు వారాలు ఆగి క్రిస్మస్‌కి స్నేహితులకి ఇచ్చాడు. నేను రుచి చూడలేదు. మూత తీసినప్పుడు వాసన మాత్రం చూశాను. మన కాఫీ వాసనే.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి భయపడుతూనే అంతా చెప్పాను. 84 ఏళ్ళు ఆమెకి. అన్నీ విని రెండే ప్రశ్నలు అడిగింది.

"అమ్ముతాడా?"

"లేదమ్మా."

"తాగి ఆ పిల్ల మీద చెయ్యెత్తుతాడా?"

"అయ్యో, లేదమ్మా. బకెట్టు కూడా వాడే కడుక్కుంటాడు."

"సరేలే అయితే," అంది. ఫోను పెట్టేయబోతూ ఆగి, "బెల్లం మాత్రం ఇవ్వబోకు" అంది. నేనింకా ఆమెకి బెల్లం సంగతి చెప్పనేలేదు.