డిజైన్ మన పేరు మీద ఉండాలంటే
వస్త్ర డిజైనర్‌గా స్థిరపడాలనుకునే మన పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు

నాగావ్, పద్మానగర్, కామత్‌ఘర్ వైపు మన ఇళ్లలో తరాలుగా సాంచాలు ఆడుతున్నాయి. నూలు సేటుది, డిజైన్ సేటుది, తయారైన బట్టా సేటుదే. మనకు వచ్చేది పిక్కుల లెక్కన కూలి. ఇప్పుడు పాత సాంచాలు తుక్కు కింద తూకానికి పోతున్నాయి. పదో, పన్నెండో చదివిన పిల్లలు నాసిక్ హైవే పక్క గోడౌన్లలో పనికి చేరుతున్నారు. సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: "మా అమ్మాయి డిజైనింగ్ చదువుతానంటోంది, దాంట్ల బతుకుదెరువు ఉంటదా?"

ఉంటుంది. అయితే ముందుగా ఒక తేడా తెలియాలి. ఫ్యాషన్ డిజైనర్ బట్టను దుస్తులుగా మలుస్తారు. టెక్స్‌టైల్ డిజైనర్ ఆ బట్టనే పుట్టిస్తారు: ఏ నంబరు నూలు, ఫణిలో ఇంచీకి ఎన్ని పోగులు, పడుగులో ఏ రంగు, పేకలో ఏ రంగు, డాబీయా జకార్డా అన్నది నిర్ణయించేది వాళ్లే. మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన బలం ఈ రెండో దాంట్లోనే ఉంది. ఇంట్లో బీము ఎక్కించడం చూస్తూ పెరిగిన పిల్ల పట్నం కాలేజీలో మొదటి ఏడాది పాఠాన్ని సగం నేర్చుకునే వెళ్తుంది.

మరి ఇన్నేళ్లూ డిజైన్ మన చేతికి ఎందుకు రాలేదు? బొంబాయి మిల్లులకు సొంత డిజైన్ విభాగాలుండేవి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత నేత పని ఎక్కువగా భీవండీకి తరలింది. ఏ బట్ట నేయాలన్న నిర్ణయం మాత్రం మూల్జీ జేఠా మార్కెట్ గద్దీల దగ్గరే ఉండిపోయింది. మనకు అందింది శాంపిల్ ముక్క, దాని మీద రేటు.

చదువు సంగతి. ఖార్‌ఘర్‌లోని నిఫ్ట్‌లో టెక్స్‌టైల్ డిజైన్ నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి, ఫీజు లక్షల్లో ఉంటుంది. చేనేత, హస్తకళల కళాకారుల గుర్తింపు కార్డున్నవాళ్ల పిల్లలకు అక్కడ ప్రత్యేక కోటా ఉంది. పవర్‌లూమ్ వాళ్లకు ఆ కార్డు రాదు కాబట్టి మనకు పనికిరాదు, కానీ ఊళ్లో ఇంకా మగ్గం మీద ఉన్న బంధువులకు ఈ మాట తప్పక చెప్పండి. అంత ఖర్చు పెట్టలేనివారికి చేనేత సాంకేతిక సంస్థల్లో పదో తరగతి తరువాత మూడేళ్ల డిప్లొమా ఉంది. కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో అలాంటి సంస్థ 2024లో హైదరాబాద్‌లోనూ మొదలైంది. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ చదవడం రాదని వెనకాడే తల్లిదండ్రులున్నారు. దారం లెక్కకు లిపితో పనిలేదు.

డిగ్రీ లేకుండా ఎదిగినవారూ ఉన్నారు. హైదరాబాద్‌లోని గౌరంగ్ షా ఏ ఫ్యాషన్ కాలేజీలోనూ చదవలేదు. తండ్రి బట్టల దుకాణంలో పని నేర్చుకుని, నేతగాళ్ల పక్కన కూర్చుని జాంధానీ చీరలు నేయించారు. 'మహానటి' సినిమా దుస్తులకు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి జాతీయ అవార్డు అందుకున్నారు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ సిరిసిల్ల. మనవాళ్ల రాకపోకలున్న ఊరు, మనలాగే సాంచాల ఊరు. అక్కడ చేతి మగ్గం వదలని వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని సొంతంగా నేసి పంపితే, 2022 నవంబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో ఆయన పేరు చెప్పారు. సిరిసిల్లలో రోజూ ఎంత బట్ట తయారవుతుందో మనకు తెలుసు, దాని మీద నేసినవాడి పేరు ఉండదు. ఆ ఒక్క ముక్కకు మాత్రం పేరుంది.

చదువు అయ్యాక రెండు మూడేళ్లు ఏదైనా కంపెనీలోనో డిజైనర్ దగ్గరో జీతానికి చేయడం మంచిది. రంగుల అద్దకం, ఎగుమతి ఆర్డర్లు, ధర కట్టడం అక్కడే వస్తాయి. తరువాత సొంతంగా మొదలుపెట్టేటప్పుడు చాలామందిని ముంచేది పడుగు ఖర్చు. ఒక్కో డిజైన్‌కు ఒక్కో బీము కడితే ఆరు నెలల్లో చేతులెత్తేయాల్సిందే. పడుగులో ఆరు రంగులను పట్టీలుగా పక్కపక్కన వేసి, పేకలో ఆరు రంగులు మారుస్తూ నేస్తే ఒకటి రెండు మీటర్లలో ముప్పై ఆరు శాంపిళ్లు వస్తాయి. కాలేజీల్లో దీన్ని బ్లాంకెట్ అంటారు. ఇంట్లో నాలుగు సాంచాలుంటే ఒకదాన్ని శాంపిళ్లకు విడిచిపెట్టమని నాన్నను ఒప్పించగలిగితే చాలు, బయటి డిజైనర్లు డబ్బిచ్చి చేయించుకునే పని ఇంట్లోనే అవుతుంది.

ఇక కాగితం పని. గుమాస్తాగిరీ చేసి రిటైరైనవాళ్లం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాం. మన బజారులో కొత్త డిజైన్ కనబడితే వారంలో పక్క గల్లీలో ఆడుతుంది. గీసింది నేనే కాబట్టి హక్కు నాదే అనుకుంటే పొరపాటు. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ చట్టం కింద రిజిస్టర్ చేయదగిన డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా యంత్రం మీద యాభై సార్లకు మించి తయారుచేస్తే దాని మీద కాపీరైట్ పోతుంది. సాంచా మీద యాభై పీసులు ఎంతసేపు? అందుకని 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. రక్షణ పదేళ్లు, తరువాత ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. దరఖాస్తుకు ముందు డిజైన్ బయటపడకూడదు. వాట్సాప్‌లో పది మంది వ్యాపారులకు ఫొటో పంపి ఆ తరువాత ఫారం నింపితే లాభం లేదు.

చీర, ధోవతి, లుంగీ, తువ్వాలు వంటి 11 రకాల్లో కొన్ని నేతలను 1985 చట్టం చేనేతకే కేటాయించింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వేరే ఉంది. ఊరి మీద ప్రేమతో ఆ చీరను సాంచా మీద దించాలనుకోవద్దు. అది అక్కడి మనవాళ్ల కూడు.

డబ్బు వసూలు మరో తలనొప్పి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు. అది చేయించుకుని, బిల్లు మీద ఆ నంబరు వేస్తే, 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. సేటుతో గొడవ ఎందుకని చాలామంది అడగరు. కనీసం బిల్లు మీద తేదీ, సంతకం తీసుకోండి. ఫోన్లో చెప్పిన రేటును అదే రోజు రాతలో పంపించి, సరేనని జవాబు తెప్పించుకోండి.

డిజైన్ దరఖాస్తు, ఉద్యమ్ ఫారం నింపడంలో సందేహాలున్నవాళ్లు ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు రండి. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు శాంపిల్ ముక్క కూడా తెచ్చుకోండి. అంతకుముందు దాన్ని ఎవరికీ చూపించవద్దు.