‘స్వస్తి’ చెప్పుట

‘సు’ యను నుపసర్గకు ‘అస్తి’ చేరి యణాదేశసంధిచే నేర్పడిన ‘స్వస్తి’ శబ్దమునకు క్షేమమని యర్థము. మన ప్రాచీన శాసనములలో పెక్కింటికి అదియే తొలిపలుకు. ‘స్వస్తి శ్రీ’ యని ఉలి యాడిన పిదపనే రాజు బిరుదములును, దానభూమి యెల్లలును రాతి కెక్కెడివి. అట్టి యారంభవాచకము నేటి పత్రికాభాషలో అంత్యమునకు పర్యాయమైనది. పారాయణాంతమున చదువు మంగళశ్లోకము ఈ పదముతోనే మొదలగుట యిందుకు కారణము కాబోలును. ఈ శబ్దముతోడి యోగమున పాణిని చతుర్థిని విధించెను; మనమును, తెలిసియో తెలియకయో, ‘సేవకు స్వస్తి’ యనియే వ్రాయుచున్నాము.

1850లో కలకత్తా, డైమండ్ హార్బరుల నడుమ ప్రయోగముగా మొదలైన తంతిసేవకు 2013 జూలైలో బీఎస్ఎన్ఎల్ స్వస్తి చెప్పెను. 2003లో పుట్టిన స్కైపునకు 2025 మే 5న మైక్రోసాఫ్టు స్వస్తి పలికెను. ఈ రెండవ సందర్భమున వాడుకరులు తమ పాత సంభాషణలను టీమ్సునకు తరలించుకొనుటకో, దించి దాచుకొనుటకో ముందుగా గడువు లభించెను గనుక, శబ్దము తన క్షేమార్థమును కొంత నిలుపుకొన్నదన వచ్చును. గడువైన నీయక మీట నొక్కువారి విషయమున ‘ఎత్తివేసిరి’ యనుటయే సాధువని నా తలంపు.