పని ప్రదేశాల్లో అగ్ని, విద్యుత్ రక్షణ వ్యవస్థల నిర్వహణ, పరీక్షలు

కర్మాగారాలు, కార్యాలయాలు, దుకాణ సముదాయాలు, ఆసుపత్రుల్లో అమర్చిన మంటలార్పే సాధనాలు, అలారాలు, నీటి పంపులు, ఎర్తింగు, లీకేజీ రక్షణ పరికరాలు అవసరం పడినప్పుడు పనిచేసే స్థితిలో ఉన్నాయో లేవో గడువు ప్రకారం సరిచూడడం ఈ నిర్వహణలోని ప్రధానాంశం. ఫ్యాను ఆగిపోతే గదిలో ఉన్నవారికి వెంటనే తెలుస్తుంది. ఏళ్ల తరబడి పని పడని ఈ సాధనాల్లో లోపం మాత్రం పరీక్షిస్తే తప్ప బయటపడదు.

భారతదేశంలో దీనికి ఒకే చట్టం లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 38వ సెక్షన్ అగ్నిప్రమాద జాగ్రత్తలను యాజమాన్యం బాధ్యతగా చేసింది. ఆ చట్టాన్ని తర్వాత 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. భవనాలకు జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) నాలుగో భాగం వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అనుమతుల వ్యవహారం ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం (1999) కింద మొదలైంది. విద్యుత్ వైపు 1956 నాటి భారత విద్యుత్ నియమావళి చాలాకాలం ఆధారంగా నిలిచింది. దాని స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు 2010లో వచ్చాయి, వాటిని 2023లో మళ్లీ రాశారు. పాత నియమావళిలో విద్యుత్ ఇన్‌స్పెక్టరు తనిఖీకి గరిష్ఠ గడువు ఐదేళ్లు. అది ప్రభుత్వ తనిఖీకి పెట్టిన హద్దు మాత్రమే. సంస్థ సొంతంగా చేసుకోవలసిన పరీక్షలకు ఆ ఐదేళ్లే గడువనుకోవడం పొరపాటు.

చేతితో వాడే మంటలార్పే సిలిండర్ల ఎంపిక, అమరిక, నిర్వహణకు ప్రమాణం ఐఎస్ 2190. 2010 నాటి పాఠం ప్రకారం పీడన పరీక్షను చాలా రకాలకు మూడేళ్లకోసారి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు ఐదేళ్లకోసారి చేయాలి. సిలిండర్ ఆయుష్షు సాధారణంగా పదేళ్లు, కార్బన్ డయాక్సైడ్ రకానికి పదిహేనేళ్లు. పీడనం నిల్వ ఉండే రకాల్లో గేజి ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉండడం మొదటి గుర్తే కానీ పూర్తి రుజువు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ తేమ తగిలి పొడి గడ్డకడితే, పీడనం సరిగా ఉన్నా మందు బయటికి రాదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజి ఉండదు, తూకమే ఆధారం. నింపిన వాయువు బరువులో పది శాతానికి మించి తగ్గితే మళ్లీ నింపాలి. అందుకే తూచే త్రాసు తీసుకురాని సర్వీసు మనిషి అంటించి వెళ్లే కొత్త చీటీకి పెద్ద విలువ లేదు.

హైడ్రెంట్లు, స్ప్రింక్లర్ల వ్యవస్థలో పంపుగదిదే కీలక స్థానం. గొట్టాల్లో పీడనాన్ని చిన్న జాకీ పంపు నిలుపుతుంది. పీడనం ఒక మేరకు పడిపోతే ప్రధాన విద్యుత్ పంపు, అదీ రాకపోతే డీజిల్ పంపు తమంతట తామే మొదలవ్వాలి. ప్యానెల్ మీద మీట నొక్కి పంపు తిప్పి చూపితే మోటారు బాగుందని తెలుస్తుంది, స్వయంచాలకంగా మొదలవుతుందో లేదో తెలియదు. అసలు పరీక్షలో డ్రెయిన్ వాల్వును గానీ పై అంతస్తు హైడ్రెంటును గానీ తెరిచి పీడనం తగ్గనిస్తారు, పంపులు ఏ వరుసలో అందుకుంటున్నాయో చూస్తారు. అన్నిటికంటే దూరపు చోట 3.5 బార్ల పీడనం ఉండాలన్నది భవన స్మృతి లెక్క. అమెరికాకు చెందిన ఎన్‌ఎఫ్‌పీఏ 25 ప్రమాణం డీజిల్ పంపును వారానికోసారి 30 నిమిషాలు నడపమంటుంది. విద్యుత్ పంపుకు పది నిమిషాలు చాలంటుంది. మన పంపుగదుల్లో తరచూ కనిపించే లోపం చిన్నదే: గొట్టంలో ఎక్కడో కారుతూ జాకీ పంపు మాటిమాటికీ తిరుగుతుంటే, చప్పుడు భరించలేక ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు మార్చేస్తారు. బ్యాటరీ దిగిపోయిన డీజిల్ పంపు కూడా అంత సాధారణమే.

అలారం వ్యవస్థకు ఐఎస్ 2189 వర్తిస్తుంది. పొగ డిటెక్టర్లను ఇందుకోసమే తయారైన స్ప్రేతో పరీక్షించాలి. అగరబత్తి పొగ పెట్టడం అలవాటుగా ఉన్నా, దాని మసి లోపలి గదిలో పేరుకుని తర్వాత తప్పుడు అలారాలకు దారితీయవచ్చు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839 వారానికో అలారం బటన్‌ను, ప్రతిసారీ వేరొకదాన్ని, నొక్కి చూడమంటుంది. మామూలుగా 65 డెసిబెల్స్ శబ్దం, లేదా చుట్టుపక్కల మోతకంటే 5 డెసిబెల్స్ ఎక్కువ కావాలన్నదీ అందులోదే.

విద్యుత్ పరీక్షల్లో పాతది ఇన్సులేషన్ పరీక్ష. దీనికి వాడే మెగ్గర్ బ్రిటన్‌లో పుట్టింది. పుట్టిన ఏడాదిని కొందరు 1889 అని, కొందరు 1903 అని రాస్తారు. మొదటిది చేతిలో పట్టుకెళ్లగల పరికరం వచ్చిన సంవత్సరం, రెండోది ఆ పేరు నమోదైన సంవత్సరం అని తీసుకుంటే పేచీ తీరుతుంది. సాధారణ వోల్టేజీ వైరింగుకు 500 వోల్టుల డీసీ ఇచ్చి చూసినప్పుడు కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్ బల్లాస్ట్‌లు ముందే విప్పకపోతే ఈ పరీక్షలో అవే పాడవుతాయి.

ఎర్తింగు విషయంలో అభిప్రాయభేదాలు ఎక్కువ. నిరోధం ఒక ఓమ్ లోపే ఉండాలని కొందరు ఎలక్ట్రీషియన్లు, ఐదు ఓమ్‌ల వరకు ఫరవాలేదని మరికొందరు చెబుతారు. లోపం తలెత్తినప్పుడు ఫ్యూజు గానీ బ్రేకరు గానీ తెగేంత కరెంటు ప్రవహించాలన్న సూత్రం నుంచి లెక్క కట్టడమే ఐఎస్ 3043 దృక్పథానికి దగ్గర. 1956 నియమావళి సరఫరాదారు ఎర్తింగును రెండేళ్లకోసారైనా, ఎండాకాలంలో పొడిగా ఉన్న రోజున, పరీక్షించాలంది. నేల తడిగా ఉంటే నిరోధం తగ్గి కనిపిస్తుంది. తనిఖీ రోజు పొద్దున ఎర్త్ పిట్‌లో నాలుగు బకెట్ల నీళ్లు పోయడం వెనుక కిటుకు ఇదే.

లీకేజీ రక్షణ పరికరమైన ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ లోపలి యంత్రాంగాన్ని మాత్రమే చూపిస్తుంది. ఎర్త్ తీగ తెగి ఉన్నా బటన్ నొక్కితే అది పడిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం ఆ కరెంటుకు 300 మిల్లీ సెకన్లలోపు, ఐదు రెట్ల కరెంటుకు 40 మిల్లీ సెకన్లలోపు తెగాలి, సగం కరెంటుకు తెగకూడదు. ఇవి తెలియాలంటే టెస్టర్ కావాలి. బటన్‌ను ఎన్నాళ్లకోసారి నొక్కాలన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. బ్రిటిష్ వైరింగ్ నియమాలు 2018లో మూడు నెలల గడువును ఆరు నెలలకు మార్చాయి. దుమ్ము, తేమ ఎక్కువగా ఉండే మన చోట్లకు తక్కువ గడువే మేలు.

వదులు కనెక్షన్లను ఈ మూడు పరీక్షలూ పట్టుకోలేవు. లోడు నడుస్తుండగా ప్యానెళ్లను థర్మల్ కెమెరాతో చూస్తే వేడెక్కిన చోటు కనిపిస్తుంది. 1997 జూన్ 13న 59 మంది చనిపోయిన ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ప్రమాదానికి మూలం ఇలాంటి లోపమే. ఆ ఉదయమే మంటలు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌కు చేసిన మరమ్మతులో కేబుల్ కొసను క్రింపింగ్ యంత్రంతో కాక సుత్తితో బిగించారని కోర్టు రికార్డులు చెబుతాయి. సాయంత్రం అది మళ్లీ అంటుకుంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ సముదాయంలో ఆరుగురు యువ ఉద్యోగులు పొగకు ఊపిరాడక మరణించారు. భవనంలోని అగ్నిమాపక ఏర్పాట్లు పనిచేయలేదని అప్పటి పత్రికలు రాశాయి.

అగ్ని, విద్యుత్ తనిఖీలను వేర్వేరు కాంట్రాక్టర్లకు ఇవ్వడం రివాజు కావడంతో రెండూ కలిసే చోటు ఎవరి లెక్కలోకీ రాదు. మంటల వేళ భవనానికి కరెంటు తీసేసినా ఫైర్ పంపుకు సరఫరా ఆగకుండా దాని లైను మెయిన్ స్విచ్‌కు ముందే విడిపోవాలి. మెయిన్ ఆపి, అలారం మోగించి, పంపు, జనరేటర్, లిఫ్టులు, ఏసీ యంత్రాలు ఎలా స్పందిస్తాయో ఒకేసారి చూసే ఉమ్మడి పరీక్ష ఏడాదికోసారైనా జరగాలని నిపుణులు సూచిస్తారు. ఫలితాలను గత ఏడాది అంకెల పక్కనే రిజిస్టరులో రాస్తే, ఒకే రీడింగులో కనిపించని క్షీణత బయటపడుతుంది. పరీక్ష ముగిశాక వాల్వులు తెరిచి ఉన్నాయని, ప్యానెల్ తిరిగి ఆటోలో ఉందని సంతకంతో ధ్రువీకరించడం అందులో చివరి అంశం.