చిన్న ట్యాంకు వెనక కథ

మా అబ్బాయి సెకండ్ హ్యాండ్‌లో థండర్‌బర్డ్ 500 కొన్నాడు. వారం తిరక్కుండానే దాని పెట్రోలు ట్యాంకు తీసేసి చిన్నది వేయిస్తానని మొదలెట్టాడు.

"బాగున్నదాన్ని మార్చడం ఏటిరా?" అన్నాను.

"పీనట్ ట్యాంకమ్మా, చూడ్డానికి బాగుంటాది" అన్నాడు.

వేరుశనగ కాయలా ఉంటుందట! ఈ ముచ్చట ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని కూర్చున్నాను. ఎదిగిన కొడుకులున్న అమ్మలకి పనికొస్తుందని మీకూ చెబుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ వాళ్లు జర్మనీ డీకేడబ్ల్యూ నమూనాతో 125 సీసీ బండి చేశారు. అది 1948 మోడల్. చిన్న బండికి చిన్న ట్యాంకు, అంతే. పదేళ్లకి, 1958లో, స్పోర్ట్‌స్టర్ ఎక్స్‌ఎల్‌సీహెచ్ అనే పెద్ద బండికి ఆ తరహా ట్యాంకే పెట్టారు. అది మట్టిదారుల్లో పరుగులు తీయడానికి చేసిన బండి. బరువు తగ్గాలి, దూరం పోనక్కర్లేదు. పట్టేది సుమారు 8.5 లీటర్లే. అవసరానికి పెట్టింది కాస్తా తర్వాత అందమైపోయింది.

మన దారి వేరు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. మన ఇళ్లలో బుల్లెట్ అంటే సంసారమంతా ఎక్కే బండి. మా నాన్న ట్యాంకు మీద తువ్వాలు పరిచి నన్ను కూర్చోబెట్టేవారు. వెనక అమ్మ, అమ్మ ఒళ్లో తమ్ముడు. విజయనగరం సిరిమాను సంబరానికి అలాగే వెళ్లేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది గానీ, అప్పుడు అదే నా సింహాసనం.

2012లో వచ్చిన థండర్‌బర్డ్‌కి దూర ప్రయాణాల కోసం 20 లీటర్ల ట్యాంకు ఇచ్చారు. 8 లీటర్లది వేయిస్తే, లీటరుకి 30 కిలోమీటర్ల లెక్కన 240 దగ్గర ఆగిపోతుంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వెళ్లి రావాలంటే మధ్యలో బంకు చూసుకోవాల్సిందే. పైగా 500లో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. కొత్త ట్యాంకులో దానికి సరైన చోటు లేకపోతే బండే కదలదు. ఉన్న ట్యాంకునే కోసి వెల్డింగ్ చేయిద్దామంటే మరీ ప్రమాదం. ఖాళీ ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది.

చట్టం సంగతీ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

"ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రా. పాత ట్యాంకు మాత్రం అమ్మకు" అన్నాను. తలూపాడు.

రాత్రి పడుకున్నాక ఇంకో మాట తోచింది. చిన్న ట్యాంకు ఒంటరిగా పోయేవాడి బండి కోసం పుట్టింది. మా ఇంట్లో ఇన్నాళ్లూ ఒక్కరి బండి అంటూ లేదు. వాడు అడుగుతున్నది ట్యాంకేనా, తనదంటూ ఒక బండా? రేపు టిఫిన్ పెడుతూ అదే అడగాలి.